బతికున్న బావకు దినాలు

మా బావ, అంటే అక్క మొగుడు, దేవసూగూరు దగ్గరి కరెంటు ప్లాంటులో గేటు కాసేవాడు. గుత్తేదారు మనిషి. మా ఊళ్ళకు కూలీల కోసం మేస్త్రీ వస్తే, పని ఎవరిదని అడిగే అలవాటు మాకు లేదు. అన్నం పెడతారా, పండక్కి పంపుతారా, అంతే. చలిదేశంలో గోదాము కాపలా అని ఏజెంటు వచ్చినప్పుడూ అవే అడిగాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్కడ గోదామూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఒక ప్రైవేటు సైనిక కంపెనీ బావ చేతికి తుపాకి ఇచ్చి, ఎవరిదో యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టింది. బావ ఫోనులో ఏడ్చాడు. తర్వాత ఆ ఫోన్లూ ఆగిపోయాయి.

మేం తిరగని ఆఫీసు లేదు. ఆ దేశమేమో మా సిపాయి కాదంది. మనవాళ్ళు మన సిపాయి కాదన్నారు. కంపెనీవాడు చస్తే సైన్యం లెక్కలోకి రాడు, శవం అడగొద్దని ఏజెంటు ఉర్దూలో తాపీగా చెప్పాడు. వాడి నోట్లో మన్ను పడ! కిరాయి సిపాయిలతో యుద్ధం చేసేవాళ్ళకు ఇదే సుఖం కాబోలు. బావతో పోయిన యాపలదిన్ని మనిషి ఒకడు మాత్రం, బావ ఉన్న కందకం మీద బాంబు పడిందని మెసేజ్ పెట్టాడు.

శవం దొరకనివాళ్ళకు మావాళ్ళు గడ్డిబొమ్మ చేసి కాలుస్తారు. లేకుంటే పోయినవాడు దిక్కులేక తిరుగుతాడని భయం. అక్క చాలా రోజులు ఒప్పుకోలేదు. అత్తగారు, కులపెద్దలు పోరగా పోరగా తలూపింది. కృష్ణ ఒడ్డున బొమ్మకు బావ చొక్కా తొడిగి కాల్చాం. అక్క గాజులు పగలగొట్టారు, పుస్తెలు తీశారు.

దినాలైన కొన్నాళ్ళకు, అక్క రొట్టెలు తడుతుంటే ఫోను మోగింది. నేనే ఎత్తాను. బావ! దెబ్బ తగిలి ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో ఉన్నాడట. మానింది కాబట్టి మళ్ళీ ముందుకు పంపుతున్నారట. పిండిచేతులతోనే అక్క ఫోను లాక్కుంది. బావ గొంతు నాకూ వినబడుతోంది.

"నేను సచ్చిన్నని ఎవరన్న చెప్తే నమ్మకు. పుస్తెలు తియ్యకు. వస్త."

"తియ్యలే," అంది అక్క.

మళ్ళీ ఫోను రాలేదు. అత్తగారు పుస్తెలు కట్టుకోమంటుంది. కట్టేవాడు రావాలి కదా అంటాడు అయ్యవారు. రెండోసారి బొమ్మ కాల్చే మాట ఎవరూ ఎత్తరు. నాకైతే ఆశ చచ్చిపోయింది. అక్క బోసి మెడతోనే రోజూ బొట్టు పెట్టుకుంటుంది. ఆమెను పేరంటానికి పిలవాలో వద్దో ఊళ్ళో ఎవరికీ తోచలేదు. పిలవడం మానేశారు.