మామ వెతికిన సాలమాండర్

మా జువాలజీ ల్యాబ్ అటెండర్ పోయిన మంగళవారం చనిపోయాడు. వరంగల్‌లో మా కాలేజీలో పదకొండేళ్లు టెంపరరీగా పనిచేసి, టెంపరరీగానే పోయాడు. మేమందరం ఆయన్ని మామా అని పిలిచేవాళ్లం. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు అర్హత లేదు. కానీ నేను తప్ప ఇంకెవరూ రాయరు.

విద్యార్థులు కోసే కప్పల్ని తెచ్చేది ఆయనే. వర్ధన్నపేట పొలాల్లో పట్టి, తడి గోనెసంచిలో వేసుకొని బస్సెక్కేవాడు. సంచి కదిలితే కండక్టర్ లొల్లి పెట్టేవాడు. గుడ్లతో ఉన్న కప్ప చేతికి తగిలితే మాత్రం అక్కడే వదిలేసేవాడు. "కడుపుతోటున్నదాన్ని కోస్తే ఆ సదువు ఒంటవడ్తదా సార్?" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. అప్పుడు నేను కొత్త లెక్చరర్ని, దేనికైనా నవ్వే వయసు నాది.

ఆ నవ్వులాటలోనే ఒక మాట జారాను. పర్మనెంట్ కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి ఆయన ఉసూరుమని వచ్చిన రోజది. పుస్తకంలో సాలమాండర్ బొమ్మ చూపించి, "మామా, మన దిక్కు ఇదొక్కటి దొరకబట్టు, తెల్లారేసరికి పర్మనెంట్ చేస్తరు" అన్నాను. దేశంలో ఎక్కడో తూర్పు హిమాలయాల్లో తప్ప అది లేదని నాకు తెలుసు. ఆయన నవ్వలేదు. "ఆనవాళ్లు చెప్పున్రి" అన్నాడు. బల్లిలా తోక, కప్పలా తడి చర్మం, పొలుసు ఉండదు, గోరు ఉండదు అని చెప్పాను.

ఇక వెతకడమే పని. బావుల గోడలు, తూముల దగ్గర రాళ్లు, కుళ్లిన గడ్డి, ఏదీ వదల్లేదు. మూతకు బెజ్జాలు పొడిచిన డబ్బాలో బల్లులు, తొండలు, నలికండ్లపాములు తెచ్చేవాడు. రెండేళ్లకు నా అవసరమే లేకపోయింది. తానే భూతద్దం పెట్టి చూసి, "పొలుసున్నది సార్, ఇది గాదు" అనేవాడు. నిజం చాలాసార్లు నోటిదాకా వచ్చింది. డోర్నకల్ దాకా వెతికొచ్చిన మనిషికి ఏ మొహం పెట్టుకొని చెప్పను? నేను పిరికివాణ్ని.

ఈ ఏడు వానలు వెనకపడ్డాయి, కప్పలే కరువయ్యాయి. మామకు కామెర్లు ముదిరాయి. దవాఖానకు వెళ్తే నా చెయ్యి పట్టుకొని, "ఒక్కటన్న ఉంటదంటరా సార్?" అని అడిగాడు. "ఉంటది మామా" అన్నాను.

ఆయన పోయిన మూడోరోజు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య పళ్లెం మూసిన సత్తు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"నాటేసే మడిల దొరికింది సార్. పొలుసు లేదు, గోరు లేదు, తోకున్నది. ఆయన సూడకముందే పాయె. మీరన్న సూడున్రి. ఇదే అయితే ఆ నౌకరి మా పెద్దోనికన్న ఇయ్యరా?"

పళ్లెం తీశాను. నాలుగు కాళ్లూ వచ్చి, తోక ఇంకా పోని కప్పపిల్ల. జన్మంతా మడిలో పనిచేసిన ఆమెకు అది తెలియక కాదు. రెండు చేతులతో గిన్నె పట్టుకొని నా మొహమే చూస్తోంది. కప్పపిల్ల నీళ్లలో చుట్టూ తిరుగుతూ ఈదుతోంది. ఇంకో రెండు రోజులైతే ఆ తోక ఉండదు.