ముందుకు జరిపిన పాట

మా ఆయనకు భక్తి కుదిరింది. సౌదీలోనే అభా అనే ఊళ్లో ప్రాజెక్టు పని మీద ఉన్నప్పుడు ఆఫీసులో ఒకామెతో రెండేళ్లు నడిపిన వ్యవహారం బయటపడ్డాకే కుదిరింది. నేను చిత్తూరు నుంచి విజిట్ వీసా మీద రియాద్‌లో దిగేసరికి ఆయన మెడలో తులసిమాల, నోట్లో నామజపం. మలాజ్‌లో మా ఫ్లాటులో వంటింటి అల్మారా ఒకటి ఖాళీ చేసి దేవుళ్లను పెట్టుకున్నాడు. కూరల్లో ఉల్లిపాయ మానేయమన్నాడు. నన్ను క్షమించమని మాత్రం అడగలేదు. దేవుణ్ని అడిగాడట, సరిపోయిందట.

వీసా గడువు ఇంకో వారం ఉంది. పొడిగించుకుని ఇతనితో కాపురం చేయాలో, వెళ్లిపోవాలో తేల్చుకోవాలి. ఆ శుక్రవారం మధ్యాహ్నం పాత తమిళ భక్తి సినిమా ఒకటి పెట్టాడు. ఆఫీసులో తమిళాయన ఎవరో ఇచ్చాడట.

"ఇది చూడు. నా మనసేందో నీకే అర్థమవతాది," అన్నాడు.

నలుపు తెలుపు బొమ్మ, మాటలకన్నా పాటలెక్కువ. డబ్బున్న మొగుడు, ఇంట్లో పెళ్లాం, బయట వేశ్య. వేశ్య నాట్యం మా ఆయన మొత్తం చూశాడు, కాలితో తాళం కూడా వేశాడు. తర్వాత పెళ్లాం దీపం ముందు కూర్చుని పాట ఎత్తుకుంది. నాకు తమిళం వచ్చు, మా వీధిలో సగం ఇళ్లలో అదే మాట. నేను చెవి పెట్టేలోపే రిమోట్ తీసి ముందుకు జరిపాడు.

"పాతకాలం పాటలు, ఊరికే సాగదీస్తారు," అన్నాడు.

ఇంకోసారి పాడిందామె. మళ్లీ జరిపాడు.

చివర్లో ఆ మొగుడికి రోగం వచ్చి, కళ్లు తెరుచుకుని, గుడి మెట్ల మీద పడి ఏడ్చాడు. మా ఆయనా ఏడ్చాడు. తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ, "దేవుడే క్షమించినాడు. ఇంక మనుషులెంత?" అన్నాడు. ఆ కన్నీళ్లు చూస్తే నాకు రోత పుట్టింది. నేను వచ్చి మూడు నెలలు కావస్తున్నా నా ముందు ఒక్క చుక్క రాలలేదు.

"ఆ పెండ్లాం ఏమైంది?" అని అడిగాను.

"ఎవురు?"

"ఆయప్ప పెండ్లాం."

"ఏమైంటాది, ఇంట్లోనే ఉంటాది," అన్నాడు. అంటూనే ఫోను చేతిలోకి తీసుకుని, వీసా పొడిగించేదా అని అడిగాడు.

"వద్దు. టికెట్ తీయండి," అన్నాను.

ఎందుకని అడగలేదు. చెన్నైకి తీయాల్నా, బెంగుళూరికా అని అడిగాడు.