రాద్కా చూడని సగం గీత

బాల్కన్ కొండల కింద ఆ చిన్న ఊళ్లో బేకరీ రాద్కాకు కోపం వస్తే వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేది. ఆ వసంతంలో ఆమెకు రోజూ కోపమే. ఊరి నడివీధిలోకి బళ్లు రాకుండా మునిసిపాలిటీ వాళ్లు గొలుసు కట్టారు. పిండి బస్తాలు మలుపు దగ్గర నుంచి మోసుకురావాల్సి వచ్చింది. ఆమె మరిది కోల్యోకు మాత్రం పండగే. అతని కాఫీ కొట్టు బల్లలు వీధిలోకి వచ్చేశాయి.

వేసవిలో, వీధి దుకాణాల అమ్మకాల గ్రాఫ్ ఒకటి మునిసిపాలిటీ ఆఫీసు తలుపుకు అంటించారు.

"చూశారా, ఎలా పడిపోయిందో!" గీత కిందికి దిగిన చోట వేలు పెట్టి అరిచింది రాద్కా.

"వదినా, ఆ వేలు అడ్డం తియ్యి. పక్కన ఎలా లేచిందో కనబడుద్ది."

"నీ కొట్లో కూర్చుంటే అన్నీ లేచినట్టే ఉంటాయిలే!"

ఊరు రెండుగా చీలింది. గొలుసు సంగతి తేల్చే సభలో లెక్కల టీచరు ఇస్క్రా గోడకు పెద్ద కాగితం తగిలించింది. ఒకే గీత, పైన అంటించిన చీటీ మీద 'మేక పాలు' అని రాసి ఉంది.

"ఇదిగో, ఇక్కడ మేత మార్చాను. ఇప్పుడా కొత్త మేత మానేయనా?" అని అడిగింది.

మేకల మాటొస్తే రాద్కా నోరు ఆగదు. "మానేయడమేంటమ్మా! కొత్త మేతకి ముందు పాలు తగ్గుతాయి. మళ్లీ పాత చోటికి లేచింది కదా! ఆకులు రాలేదాకా పెట్టి చూడు."

"పెరిగిందని మాత్రం అనకండి. ఉన్నచోటికే వచ్చింది," అన్నాడు కోల్యో.

ఇస్క్రా పైనున్న చీటీ లాగేసింది. దాని కింద 'మన వీధి అమ్మకాలు' అని ఉంది. "మేకా లేదు, మేతా లేదు. తలుపు మీద గీతే ఇది," అంది.

హాలంతా గొల్లున నవ్వింది. రాద్కా లేచింది. కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వెళ్లి చూసింది. అవును, అదే గీత. ఆ లేచిన సగం ఇన్నాళ్లూ తన కంటికి ఆననే లేదు! సిగ్గు పడాల్సింది పోయి, ఆమెకు పట్టరాని హుషారొచ్చింది.

"ఒరేయ్ కోల్యో, నేను పడిందే చూశా, నువ్వు లేచిందే చూశావ్! ఇద్దరం గుడ్డోళ్లమేరా!"

"మధ్యలో నన్నెందుకు కలుపుతావ్?"

"ఉన్నచోటికే వచ్చిందని ఇప్పుడే కదరా అన్నావ్!"

బెంచీ ఎక్కి నిలబడి ఆమే చెప్పింది: "ఆకులు రాలేదాకా గొలుసుంచండి. పొద్దున పూట మాత్రం నా పిండి బండిని రానివ్వండి." చేతులన్నీ లేచాయి.

శరత్కాలంలో కొత్త గ్రాఫ్ పెట్టగానే రాద్కా పిండి చేతులతోనే మరిదిని రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. గీత పాత చోటు దాటింది.

"కొంచెమే," అంది ఆమె.

"కొంచెమే," అని ఒప్పుకున్నాడు అతను.

గొలుసు ఉండిపోయింది. వారం తిరక్కుండానే రాద్కా కూడా వీధిలో బల్ల వేసి వేడివేడి చీజు రొట్టె బనిత్సా అమ్మసాగింది. తన బల్లలకు చోటు లేకుండా చేసిందని ఇప్పుడు కోల్యో అరుస్తున్నాడు.