పట్టుగూళ్ళతో నా బేరం

మా నాయనకు హిందూపురం బజారులో చింతపండు, బెల్లం, సీకాయల అంగడి ఉండేది. నాకు ముందు మాట వచ్చిందో, బేరం వచ్చిందో మా ఇంట్లో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. పదేళ్ళకే చింతపండు ముద్దను బొటనవేలితో అదిమి లోపల తడి ఎంత, గింజ ఎంత అని చెప్పేదాన్ని. పల్లెల నుంచి సరుకు తెచ్చిన రైతుతో మా నాయన మొదట అనే మాట ఒకటే: "ఇది రెండు దినాలు గూడా నిలవదప్పా." ఏడాది నిలిచే చింతపండునైనా అదే మాట అనేవాడు. రైతు మొహం చిన్నబోయేది, దాంతోపాటు ధరా దిగేది. కాబట్టి సరుకు చెడిపోతుందని ఎవరైనా చెబితే, దాన్ని చవగ్గా కొనాలని చూస్తున్నారని అర్థం. బడిలో నేర్చిన ఎక్కాలు మరిచిపోయాను గానీ ఇది మాత్రం మరిచిపోలేదు.

పెళ్ళయి పెనుకొండ దగ్గరి పల్లెకు వచ్చాను. మా ఆయన పెనుకొండలో బడిపంతులు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. ఊళ్ళో ఉన్నది ఒకే అంగడి. అదీ మా అత్త దాయాదులది. వాళ్ళు చెప్పిందే ధర, ఇచ్చిందే తూకం. నా నోటికి తుప్పు పట్టసాగింది.

సేద్యమంతా మా అత్త చేతిలో ఉండేది. మామ పోయి చాలా ఏళ్ళయింది. కూలీలను పిలవడం, విత్తనం ఎంచడం, నీళ్ళు తోడే కపిలి బావికి ఎద్దుల్ని మార్చడం, అన్నీ ఆమే. ఏటేటా శెనక్కాయలు మాత్రం కళ్ళంలోకి మొదట వచ్చిన బండికే అమ్మేసేది. ఇంకో నాలుగు దినాలు ఆగి ఉంటే ఎంత కలిసొచ్చేదో నేను అన్నాలు తినేటప్పుడు వివరంగా చెప్పేదాన్ని. ఆమె విని, ఇంకొంచెం పులుసు పోయమనేది.

ఆ రోజుల్లోనే హిందూపురం వైపు పల్లెల్లో మైసూరు వాళ్ళను చూసి మల్బరీ పెట్టడం మొదలైంది. ఆకు పెంచి, పట్టుపురుగుల్ని మేపి, గూళ్ళు అమ్మడం. అన్నిటికంటే నన్ను పట్టేసిన సంగతి, గూళ్ళు కొనేవాళ్ళు ఇంటి గడప దగ్గరికే వస్తారని. సంసారం బాగుకోసం ఆ పని మొదలుపెట్టానని తర్వాత చాలామందితో చెప్పాను గానీ, నాకు కావలసింది గడప దగ్గర నిలబడి బేరమాడడానికి ఒక మనిషి.

బావి కింద అరెకరా ఇమ్మని అత్తను అడిగాను. ఆమె రెండు దినాలు ఆలోచించి, "ఒక్క పంట సూస్తా. అచ్చిరాకపోతే చెట్లు పెరికి శెనక్కాయ ఏస్తా. ఆపైన ఈ ఇంట్లో ధరల మాట ఎత్తకూడదు," అంది. ఒప్పుకున్నాను. చేను పోతే పోయింది, ధరల మాట ఎత్తకుండా ఎట్లా బతకడమన్నదే నా భయం.

పురుగుల పని నేర్పింది ఎదురింటి అవ్వ. మైసూరు సీమ నుంచి కూతురి ఇంటికి వచ్చి ఉండిపోయిన మనిషి, తానూ కొన్ని పురుగుల్ని మేపేది. పురుగు గుడ్లు అంటిన కాగితం తెప్పించి ఇచ్చింది, ఆకు ఎంత సన్నగా తరగాలో చూపింది. పురుగులకు నాలుగు జ్వరాలు వస్తాయని ఆమె చెప్పలేదో, నేను వినలేదో, మొదటి జ్వరానికి అవి మేత మాని తలలెత్తి కదలకుండా పడుంటే అంతా అయిపోయిందని ఏడ్చాను. ఒక రోజు తర్వాత పొర విడిచి మళ్ళీ తిన్నాయి. వాటికి పొగాకు వాసన పడదంటే, పొగాకు నమిలే మా అత్తను ఆమె సొంత ఇంటి నడిమి గదిలోకి నెల దినాలు రానివ్వలేదు. ఆ సుఖానికి ధర కట్టలేం.

పంట బాగా వచ్చింది. పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికల నిండా పసుపుపచ్చని గూళ్ళు, గట్టిగా, వేలితో నొక్కితే లొంగకుండా ఉన్నాయి. వాటిని చంద్రికల నుంచి విడదీస్తుండగా అవ్వ చెప్పింది, అయిదారు దినాల్లో అమ్మేయాలని, లేకుంటే లోపలి పురుగు గూడు కొరుక్కొని బయటికొస్తుందని, కొరికిన గూడుకు దారం తెగిపోతుందని. పురుగు బయటికొస్తుందని నాకూ తెలుసు. ఎప్పుడన్నదే కదా బేరం. అయిదారు దినాలని నీకెవరు చెప్పారని అడిగాను.

"గూళ్ళు కొనే ఆయప్పే చెప్పినాడు."

నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

మంగళవారం ఆయన వచ్చాడు. సరిహద్దు అవతలి మనిషి, సైకిలు వెనక గోతాలు, సగం కన్నడం, సగం తెలుగు. ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించి ధర చెప్పాడు. అవ్వ ఒకసారి గొణిగి తన గూళ్ళు ఇచ్చేసింది. నేను నవ్వి, దానికి రెట్టింపు చెప్పాను. ఆయన ఒక అణా ఎక్కాడు. నేను వెలిగించని పొయ్యిని చూసుకోడానికి లోపలికి పోయాను. మళ్ళీ బయటికి వచ్చేసరికి ఇంకో అర్ధణా ఎక్కాడు. మా అత్త అరుగు మీద కూర్చుని పొగాకు నములుతోంది. నెలల తర్వాత నాకు ఒళ్ళంతా తేలికైంది; ఆ ధరకు ఇచ్చేయొచ్చు, కానీ ఇంత తొందరగా ఇచ్చేస్తే అదేం బేరం.

"దుడ్లు ఇంతేనమ్మా. సోమవారం మళ్ళీ ఈ దారిలోనే వస్తా," అని ఆయన సైకిలెక్కాడు.

మా బజారులో అట్లా కదిలినవాడు మూడో అంగడి దాటకముందే వెనక్కి తిరుగుతాడు. మా పల్లెలో మూడో అంగడి లేదు. ఆయన శెనక్కాయ చేల మధ్య చిన్నగా అయిపోయి, చివరికి కనిపించకుండా పోయాడు. వాడికి బాగా మంట పుట్టించానని అత్తతో చెప్పాను.

శుక్రవారానికి గంటకోసారి ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించసాగాను. అది భయమని ఒప్పుకోలేక, నాకో గొప్ప ఆలోచన వచ్చిందనుకున్నాను. ధర్మవరం నిండా పట్టుమగ్గాలే. నడుమ ఈ సైకిలాయన ఎందుకు, నేరుగా నేసేవాళ్ళకే అమ్ముతాను. ఆదివారం చూపించడానికి ఒక గంప గూళ్ళు మా ఆయనతో మోయించి పెనుకొండలో రైలెక్కాను. బండి కదిలాక ఆయన, "వాళ్ళు దారం కొంటారేమో, గూళ్ళు కాదేమో," అన్నాడు. బడిపిల్లలతో ఉండి ఉండి మనిషి ఇట్లా అయిపోయాడని జాలిపడ్డాను.

ధర్మవరంలో మొదటి ఇంట్లో మగ్గం గుంటలో భర్త నేస్తున్నాడు, భార్య దారం చుడుతోంది. గంప మీద గుడ్డ తీయగానే ఆమె రాట్నం ఆపి లేచి వచ్చింది. పుట్టినప్పటి నుంచి పట్టులోనే బతికిన మనిషి, గూడు అనేదాన్ని అదే మొదటిసారి చూడడం. చుట్టుపక్కల ఆడవాళ్ళను కేకేసి పిలిచింది. అందరూ చేతుల్లోకి తీసుకుని ముద్దుగా చూశారు. ఒకామె ఇవి ఉడకబెట్టి తింటారా అని అడిగింది. ఎవరూ ధర అడగలేదు. మాకు బెంగుళూరు నుంచి దారం వస్తుంది తల్లీ, వీటిని మేమేం చేసుకోవాలని చెప్పి, మజ్జిగ ఇచ్చారు.

నేను మజ్జిగ తాగుతూనే ఇంకో వీధిలో అడుగుదామని ఆలోచిస్తున్నాను. అప్పుడు ఆ ఇంటామె గంపలోకి వంగి చూసి, "అయ్యో తల్లీ, నీ సరుకు నడుస్తాండాది," అంది.

తడి రెక్కలతో ఒక తెల్లటి సీతాకోకచిలుక గూడు మీద కూర్చుని ఉంది. పక్కన ఇంకొకటి తల బయట పెడుతోంది. మా ఆయన గుడ్డ తీసుకుని గంప మీద నెమ్మదిగా కప్పాడు. రైల్లో ఆ గంపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది నాకు ఇంకా కష్టమైంది.

ఇంటికి వచ్చేసరికి నడిమి గది తలుపు తెరిచి ఉంది. మా అత్త, నోట్లో పొగాకుతో, గది మధ్యలో కూర్చుని కొరకని గూళ్ళను ఒక తట్టలోకి ఏరుతోంది. సగమే మిగిలాయి. వాటిని ఎండలో ఇంటి కప్పు మీద పరిచి ఉంటే లోపలి పురుగు చచ్చేదని అవ్వ అప్పుడు చెప్పింది. మా నాయన అంగట్లో సీకాయలు, చింతపండు ఎండబెట్టిన చేతులు ఇవి. అడగడమే తోచలేదు.

సోమవారం సైకిలాయన చెప్పిన పొద్దుకే వచ్చాడు. తట్టలో చెయ్యి పెట్టి, "పోయిన మంగళవారం వీటిలో పట్టు ఉండె. ఈ పొద్దు ఎన్నింట్లో ఉండాదో ఎవరికి తెలుసు," అని సగం ధర చెప్పాడు. నేను నోరు తెరిచాను. అత్త చెయ్యి ఎత్తింది. సరేనని తూకం వేయించింది.

ఆయన పోయాక నేను చేను సంగతి అడగలేదు. పెరకడానికి కూలీలను ఎప్పుడు పిలుస్తుందో అని వింటూ మూడు దినాలు గడిపాను. నాలుగో నాడు ఆమే పిలిచింది.

"ఆకు బాగా పెంచినావు. పురుగుల్ని బిడ్డల్ని సాకినట్టు సాకినావు. చెట్లు ఉండనీ," అంది. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంకా ఉందన్నట్టు వేలు చూపింది. "బేరం మాత్రం నాది. ఆయప్ప వచ్చినప్పుడు నువ్వు గడప దగ్గర కనపడగూడదు."

నాకు చేతకాదనుకున్న పని నాకు మిగిలింది. చేతనవునని నేను ఊరంతా చెప్పుకున్న పని ఆమె తీసుకుంది.

రెండో పంటకు ఆయన వచ్చినప్పుడు నేను చేలో ఉన్నాను. గట్టు మీద నుంచి ఇంటి అరుగు కనపడేది, మాటలు వినపడేవి కావు. సైకిలు ఆగడం చూశాను. ఆకు పది కొమ్మలు కోసేలోగా గోతాలు కట్టడమూ చూశాను. ఆమె ఎంతకిచ్చిందో అడగకూడదని ఒట్టు పెట్టుకుని, అప్పటికే పొదిగిన మూడో పంట పురుగుల మేతకు ఆలస్యమవుతుందని పదకొండో కొమ్మ అందుకున్నాను.