బల్మూరులో వాన పడని కంపెనీ

ఆ రోజుల్లో వనపర్తిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేదని ఇప్పుడు చాలామంది చెప్పుకుంటున్నారు. మా బావ అయితే కాలేజీలకు వెళ్లి తన ఓటమి తనకు నేర్పిన పాఠాల గురించి గంటసేపు ఉపన్యాసమే ఇస్తున్నాడు. అందులో దేవుడున్నాడు, బ్యాంకు మేనేజరున్నాడు, పొద్దున్నే లేచి చేసే యోగా ఉంది. నేను లేను. రెండుసార్లు వెనక వరుసలో కూర్చుని మరీ విన్నాను కనుక ఖాయంగా చెబుతున్నాను. కంపెనీలో మేము మొత్తం ముగ్గురం. ముగ్గురిలో ఒకణ్ణి మరిచిపోవాలంటే మతిమరుపు ఒక్కటే చాలదు, పట్టుదల కూడా కావాలి. ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మా బావ (మేనమామ కొడుకు) రైతులకు ట్రాక్టర్లు కిరాయికి కుదిర్చే యాప్ ఒకటి పెట్టాడు. మా మెట్ట నేలల్లో వాన పడ్డాక రెండు రోజుల్లో దున్నాలి, లేకపోతే నేల గట్టిపడిపోతుంది. అందుకే ఊరంతటికీ ఒకేసారి ట్రాక్టర్ కావాలి. ఎక్కడ వాన పడిందో ముందుగా తెలిసినవాడిదే ఆ సీజను. మా యాప్‌కు అది తెలిసేది. తెర మీద మూడు జిల్లాల పటం ఉండేది. వాన పడిన ఊరు నీలంగా మారేది. "ఉపగ్రహం, కృత్రిమ మేధ" అని బావ అందరికీ చెప్పేవాడు. ఆ ఉపగ్రహం మా అత్త, అంటే బావ తల్లి. మా ఆఫీసంటే బావ వాళ్ల ఇంటి ముందు గదే. పొద్దున్నే వంటింటి గడప మీద కూర్చుని బీచుపల్లి వదిన నుంచి అమ్రాబాద్ వియ్యపురాలి దాకా అందరికీ ఫోన్ చేసేది. "ఏమొదినా, వాన కొట్టిందా? నాగలి దిగేంత పడ్డదా, ఉత్త తుంపరేనా?" అని కనుక్కుని నాకు కేకేస్తే, నేను ఆ ఊరిని నీలం చేసేవాణ్ణి.

ఒక్క బల్మూరు మాత్రం ఆ ఏడాదంతా తెల్లగానే ఉండిపోయింది. అక్కడ ఉన్నది అత్తకు సొంత చెల్లెలు. ఆమె తన కూతురి పెళ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్‌లో కార్డు పంపింది. మా వైపు బొట్టు పెట్టని పిలుపు పిలుపే కాదు. అత్త పెళ్లికి పోలేదు, ఆ రోజు నుంచి చెల్లెలితో మాటా లేదు. కాబట్టి మా కృత్రిమ మేధ దృష్టిలో బల్మూరులో కరువు. ఈ సంగతి బావకు మూడుసార్లు చెప్పాను.

"బావా, బల్మూర్ తెల్లగనే ఉంది. అత్త అలిగింది గదా."

"సప్పుడు జేయకుండ టైపు కొట్టుర భై. పెద్ద సైంటిస్టువైనవ్."

"పోనీ, చిన్నత్తకు నేనే ఫోన్ చేస్త."

"అమ్మకు తెలిస్తే నీకు, నాకు ఇద్దరికీ బువ్వ పెట్టది."

(ఆ మూడు తేదీలూ రాసిపెట్టుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరున్నాయి.)

పెట్టుబడి పెట్టాలా వద్దా తేల్చడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడం వస్తున్నట్టు కబురొచ్చింది. ముందుగా ఒక పట్టిక పంపింది. కంపెనీలో ఉన్న ప్రతిదాని గురించీ నాలుగు ప్రశ్నలు: పనికొస్తుందా? అరుదైనదా? పోటీవాడు నకలు చేయలేడా? దాన్ని సరిగా వాడుకునే ఏర్పాటు ఉందా? నాలుగూ అవునైతేనే అది కంపెనీ బలమట. బావ కూర్చుని నింపాడు. వాన చెప్పే సాఫ్ట్‌వేర్‌కు నాలుగు అవునులు. దాని కింద ఇన్వర్టర్. దాని కింద నేను: "పనికొస్తాడు. అరుదు కాదు. ఎవరినైనా పెట్టుకోవచ్చు." ఇన్వర్టర్‌కు కనీసం వారంటీ ఉందని రాశాడు. పెట్టుబడి వస్తే ఆ "ఎవరైనా" వచ్చి నా కుర్చీలో కూర్చుంటాడని నాకు అర్థమైంది. అత్త పేరైతే పట్టికలోనే లేదు.

మేడం అచ్చంపేట దిక్కున ఇంకేదో పని చూసుకుని, బల్మూరు మీదుగా వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. బావ ఉత్సాహంగా పటం చూపించాడు.

"బల్మూరు తెల్లగా ఉందేమిటి?"

"అక్కడ సుక్క పడలే మేడం. ఉపగ్రహం చెప్తుంది."

మేడం బురద కొట్టుకున్న తన చెప్పుల వైపు చూసుకుంది. "రెండు గంటల కింద అక్కడ నా కారు దిగబడింది. ట్రాక్టర్‌తో లాగించుకుని వచ్చాను."

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక. "అల్లుడా! అమ్రాబాద్‌ల దంచి కొట్టిందంట, నీలం జేయి!"

నేను అలవాటు కొద్దీ నొక్కాను. అమ్రాబాద్ నీలమైంది. మేడం తెరను చూసింది, నన్ను చూసింది, లేచి వంటింటి వైపు నడిచింది.

ఆమె కోప్పడలేదు. అత్త పక్కన పీట వేసుకుని అన్నీ అడిగి తెలుసుకుంది. పట్టికలో సాఫ్ట్‌వేర్ అన్న మాట కొట్టేసి, అత్త పేరు రాసి, మూడు అవునులు పెట్టింది. నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది.

"అమ్మా, కంపెనీ కోసం బల్మూరుకు కూడా ఒక ఫోన్ చేస్తారా?"

"కంపెనీ ఎవలిది? నా కొడుకుది. బొట్టు ఎవలిది? నాది. దాన్ని వచ్చి పెట్టుమను, అప్పుడు చేస్త."

మేడం నాలుగో గడిలో "లేదు" అని రాసింది. నాకు ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది.

"మేడం, నన్ను గూడ ఒకసారి మళ్ల చూడుండ్రి" అని నా ఫైలు తెరిచాను. చుట్టాల్లో ఎవరు ఎవరి మీద, ఎందుకు, ఎప్పటి నుంచి అలిగారో, ఎవరిని పంపితే అలక తీరుతుందో అన్నీ అందులో ఉన్నాయి. "రేపు అత్త ఇంకొకరి మీద అలిగితే ఏ ఊర్లు తెల్లవడ్తయో నాకు తెలుసు. ఇది ఇంకెవలన్న చేస్తరా?"

"వీని లిస్టుల మొదటి పేరు నాదే ఉంటది మేడం" అన్నాడు బావ.

"ఆయన మీద నీ అలకలు ఎన్ని ఉన్నాయి?" అని మేడం నన్ను అడిగింది.

"పదకొండు. ఈ పట్టికతోని పన్నెండు."

ఆమె నవ్వి, తన నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది. దాదాపు ఒకటిన్నర వాక్యం. తర్వాత తెలియజేస్తామని చెప్పి వెళ్లిపోయింది.

పెట్టుబడి రాలేదు. నా కుర్చీ పోయింది. బావ కుర్చీ కూడా పోయింది (అదొక ఊరట). మేడం వెళ్లిన వారానికి నేను బస్సెక్కి బల్మూరు వెళ్లాను. ఫైలులో రాసుకున్నట్టే, చిన్నత్తతో కాకుండా ముందు వాళ్ల అత్తగారితో మాట్లాడాను. నాలుగో రోజున చిన్నత్త కుంకుమ భరిణె పట్టుకుని వనపర్తిలో దిగింది. అక్కాచెల్లెళ్లు గడపలోనే ఏడ్చారు. తన తల్లి మనసు దానంతటదే కరిగిందని బావ ఇప్పటికీ ఉపన్యాసాల్లో చెబుతున్నాడు.

నేనిప్పుడు గద్వాలలో ఒక విత్తనాల ఆఫీసులో టైపు కొడుతున్నాను. నాలుగు అవునుల కోసం ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దుగా కూడా ఉంటుంది. వాడి తరఫున ఒక్కటే అడుగుతున్నాను. మేడం, ఆ రోజు మీరు నా గురించి రాసుకున్నది ఏమిటి? మంచో చెడో, నేను తట్టుకుంటాను. ఇకనైనా జవాబివ్వండి.