మరియమ్మ కల్లంలో రాయి

మా రిటైర్డు లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో ఎకనామిక్స్ చెప్పిన ఒకాయన ఉన్నాడు. కిందటి నెలలో ఎక్కడో తవ్వకాల్లో బయటపడ్డ పాత కుండ పక్కన నిలబడి ఫొటో దిగి గ్రూపులో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు హిస్టరీ చెప్పిన నేను ఇంట్లో కూర్చుని ఆ ఫొటోకి దండం బొమ్మ పెట్టాల్సి వచ్చింది. అందుకే, చిలకలూరిపేట అవతల ఒక పల్లెలో, మిరపకాయలు ఎండబోసే కల్లంలో అక్షరాలున్న రాతి పలక బయటపడిందని వినగానే మర్నాడే బయల్దేరాను. చరిత్ర మీద ప్రేమతో వెళ్తున్నానని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

గుంటూరు బస్టాండులో ఉదయం ఏడుంబావుకి పల్లెవెలుగు దొరికింది. టికెట్ అరవై రూపాయలు, కిటికీ పక్కన సీటు. నా పక్కన కూర్చున్న రైతు నిన్న యార్డులో మిర్చి అమ్ముకుని ఇంటికి వెళ్తున్నాడు. నేను వెళ్తున్న పని చెబితే తేలిగ్గా తీసిపారేశాడు.

"రాయి చూట్టానికా? మా పొలంలో దున్నితే అట్టాంటివి బోలెడు తగులుతయ్యండి. తీసి గట్టున పారేస్తాం."

"అయ్యో, అవి చరిత్రండీ!"

"చరిత్రే అయ్యుండొచ్చులెండి. నాగలి ఇరిగిద్ది కదా" అన్నాడు.

ఎనిమిదిన్నరకి పేటలో దిగాను. బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీ, మీద కారప్పొడి, నెయ్యి. బాగున్నాయి. షేర్ ఆటో దగ్గరికెళ్ళి ఊరి పేరు చెప్పాను.

"ఊళ్ళోకైతే ఇరవై, రాయి కాడికైతే నలభై అండి" అన్నాడు ఆటో అతను.

"రాయి ఊళ్ళోనే కదయ్యా?"

"మొన్నటిదాకా ఊళ్ళోనేనండి. ఇప్పుడు టీవీలో ఉంది."

ఆ తర్కం నచ్చి నలభై ఇచ్చాను. దారి పొడుగునా పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేలు, వాటి మధ్య ఎర్రగా మిరప కల్లాలు. తొమ్మిదీ ముప్పావుకి ఒక దిబ్బ దగ్గర దించాడు.

చుట్టుపక్కల నేలంతా పల్లమే. ఈ దిబ్బ ఒక్కటే ఎత్తుగా ఉంది. ఎంత వాన పడ్డా దీని మీద నీళ్ళు నిలవవట. పూర్వం ఎవరో బౌద్ధ భిక్షువులకి నచ్చింది కూడా అందుకే అయ్యుంటుంది. ఇప్పుడు అదే కారణంతో మరియమ్మకి నచ్చింది. మరియమ్మకి యాభై దాటి ఉంటాయి. రెండెకరాలు కౌలుకు చేస్తోంది. ఆ రెండెకరాల కాయంతా ఈ దిబ్బ మీదే పరిచి ఉంది. కల్లం అంచు చదును చేస్తుంటే ఆమె పారకి పలక తగిలింది.

"మళ్ళీ మట్టేసి పూడ్చెయ్యమన్నారు సారూ మావాళ్ళు. తప్పు కదా అని నేనే ఎళ్ళి మండలాఫీసులో చెప్పా" అంది.

ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి రాయి చుట్టూ రిబ్బన్ కట్టి, పురావస్తు శాఖ పెద్దసార్లు వచ్చేదాకా కదపొద్దని చెప్పి వెళ్ళాడట. పెద్దసార్లు ఇంకా రాలేదు. మిగతా లోకమంతా వచ్చింది.

"చాలా గొప్ప పని చేశావమ్మా" అన్నాను, తరగతిలో మాట్లాడే గొంతుతో.

"గొప్ప సంగతి తర్వాత. ముందు ఆ కాయల మీంచి దిగండి సారూ."

గబుక్కున దిగాను. ఇంకో రెండెండలు తగిలితే కాయ బస్తాలకెత్తి యార్డుకి పంపేదాన్నని, మూడు రోజుల్నించి జనం కాయ తిరగెయ్యనివ్వట్లేదని, తడిసిందంటే రంగు పోయి తాలు కింద సగం ధరకి పోతుందని చెప్పింది. చెబుతూనే ఎవర్నో అదిలించడానికి పరుగెత్తింది. వచ్చినవాళ్ళు గుడికొచ్చినట్టు చెప్పులు కింద విడిచి, వట్టి కాళ్ళతో భక్తిగా కాయలు తొక్కుతూ రాయి దగ్గరికి నడుస్తున్నారు.

రాయి నిజంగా అందమైనది. విచ్చుకున్న తామర, దాని కింద ఒక వరస అక్షరాలు. చీమకుర్తిలో గ్రానైటు కోత యూనిట్ ఉన్న ఒకాయన వేలితో తట్టి చూసి, మా మిషన్ల మీద ఇంత సన్న పని రాదని ఒప్పుకున్నాడు. అడుగున లంకెబిందెలు ఉండే తీరతాయని కూడా అన్నాడు. ఇంకొకాయన ఇది మా వంశం రాజుది అన్నాడు. ఏ రాజని నేనడిగితే, అది మీరు చెప్పాలి అన్నాడు. మిరప ఘాటుకి అందరి కళ్ళూ ధారలు కడుతున్నాయి. యూట్యూబ్ ఛానల్ కుర్రవాడు ఆ కళ్ళనే తీస్తూ, పూర్వీకుల్ని తలుచుకుని జనం కన్నీరు పెట్టుకుంటున్నారని చెబుతున్నాడు. చెబుతూ తనూ రెండుసార్లు తుమ్మాడు.

నేను హిస్టరీ లెక్చరర్నని తెలియగానే ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. కాయలు పక్కకి నెట్టి కుర్చీ వేశారు. కూర్చున్నాను. రాయి వయసెంతని అడిగారు. "రెండు వేల ఏళ్ళు ఉండొచ్చు" అన్నాను. ఇలాంటి చోట్ల రెండు వేల కంటే తక్కువ చెబితే జనం చిన్నబుచ్చుకుంటారు. అక్షరాలు బ్రాహ్మీ అని కూడా చెప్పాను. అంతవరకు నాకు తెలుసు. ఆ పైన ఒక్క అక్షరమైనా చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు కాబట్టి, రాదని నేనూ చెప్పలేదు.

ఒంటిగంటకి ఎవరో పులిహోర పొట్లం ఇచ్చారు. రెండున్నరకి పడమటి నుంచి గాలి లేచింది. చూస్తుండగానే మబ్బు కమ్మింది. మరియమ్మ దిబ్బ అంచున మడిచిపెట్టిన రెండు టార్పాలిన్ పట్టల వైపు పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే యూట్యూబ్ కుర్రవాడు అరిచాడు.

"రాయి తడిసిపోద్ది! అక్షరాలు పోతాయి! సార్, మీరు చెప్పండి, పోతాయా?"

పోవని నాకు తెలుసు. నేలలో అన్నేళ్ళ తడికి పోనివి పావుగంట జల్లుకి పోవు. కానీ ఇరవై మంది నా మొహంలోకి చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ తరగతీ నన్నలా చూడలేదు.

"ఎందుకైనా మంచిది, కప్పండి" అన్నాను.

పెద్ద పట్ట మరియమ్మ చేతుల్లోంచి లాక్కున్నారు. "ఒరేయ్, రాయి కరగదురా, కాయ కుళ్ళుద్ది!" అని ఆమె గొంతు చించుకుని అరిచింది. ఎవరూ వినలేదు. గాలికి పట్ట ఎగిరిపోతుంటే నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. ఒక మూల నేనే పట్టుకున్నాను. వాన దంచికొట్టింది. మిగిలిన చిన్న పట్టతో ఆమె ఒక్కతే, ఒక వైపు కప్పితే ఇంకో వైపు లేచిపోతుంటే, ఆ పట్ట మీద పడుకుని కాయల్ని కాపాడబోయింది. ఇదంతా నేను నా మూల వదలకుండా చూశాను.

పావుగంటలో వెలిసింది. పట్ట తీస్తే రాయి పొడిగా ఉంది. చప్పట్లు కొట్టారు. కుర్రవాడు అదీ వీడియో తీసుకుని వెళ్ళిపోయాడు. సెల్ఫీలయ్యాక మిగతావాళ్ళూ చెప్పులు వెతుక్కుని వెళ్ళారు. సగానికి పైగా కాయలు తడిసి ముద్దయ్యాయి. మరియమ్మ వాటి మధ్య గొంతుక్కూర్చుని నన్ను పిలిచింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"సదువుకున్నోరని అడుగుతున్నా సారూ. ఆ రాయి మీద ఏం రాసుంది?"

"నాకు తెలియదమ్మా. చదవడం రాదు."

"మరి కప్పమన్నారే" అంది.

నా తప్పేనని చెప్పాను. పక్కన కూర్చుని తడిసినవి ఒక కుప్ప, పొడివి ఒక కుప్ప ఏరడం మొదలుపెట్టాను. నాలుగింటి బస్సు పోయింది. చీకటి పడేముందు ఆమే లెమ్మంది. ఆరింటికి రోడ్డు మీదకొచ్చి, అటుగా వస్తున్న బస్సు చెయ్యెత్తి ఆపి ఎక్కాను.

పాత రాళ్ళంటే మనకెందుకింత మోజో ఆ బస్సులో అర్థమైంది. రాయి మననేమీ అడగదు. మన వంశం అంటే అవునంటుంది, రెండు వేల ఏళ్ళంటే సరేనంటుంది. దాని పక్కనే కూర్చున్న మనిషైతే కాయల మీంచి దిగమంటుంది. చేతులు మంటలెత్తి ఊదుకుంటుంటే వెనక సీట్లో ఉన్న ఆవిడ గమనించి, కొబ్బరినూనె రాసుకోమంది. రాయి చూడ్డానికెళ్ళానని చెప్పాను.

"అయ్యో, అక్కడికేనా! మేమూ పిల్లల్ని తీసుకుని ఈ ఆదివారమే వెళ్దామనుకుంటున్నామండీ."

"కాయలు ఎత్తేశాక వెళ్ళండమ్మా. రాయి ఎక్కడికీ పోదు."

"అప్పటికి అక్కడ ఎవరూ ఉండరేమోనండీ" అంది దిగులుగా.

"మరియమ్మ ఉంటుంది."

"ఆవిడెవరండీ?"

వెనక సీటావిడ టీవీలో మూడు రోజుల్నించీ ఆ వార్తే చూస్తోందట. ఆ పేరు ఇప్పుడే వింటోంది. నేను సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, గుంటూరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.