పరీక్ష తేదీ దాచిన మేనత్త

పోయిన నెల ఒక పొద్దున నేను కరీంనగర్‌లో పాఠాలు చెప్పే బడికి తయారవుతుంటే బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అత్త పోయింది. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టింది, గంతే" అన్నాడు. ఎనభై రెండేళ్ల మనిషి, ఎవరితో సేవ చేయించుకోకుండా వెళ్లిపోయింది. బస్సెక్కి బాగా ఏడ్చాను. మంచిర్యాల దాటేసరికి మాత్రం అన్నీ నవ్వొచ్చే సంగతులే గుర్తుకు రావడం మొదలైంది. ఆమెతో ఎప్పుడూ అంతే.

మా మేనత్త బాపుకు అక్క. ఉన్న ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి మా ఇంటికి రెండిళ్ల అవతలే ఉండేది. పన్నెండేళ్ల కింద ఊరి బడి వరండాలో నర్సమ్మ వచ్చి పెద్దవాళ్లకు షుగర్, బీపీ లాంటి పరీక్షలు చేస్తోందంటే, ఫ్యాన్ కింద కాసేపు కూర్చోవచ్చని వెళ్లింది. నర్సమ్మ ఆమె రొమ్ములో చిన్న గడ్డను గుర్తించింది. కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. తొందరగా వచ్చారు కాబట్టి గండం గడిచిందని డాక్టర్ చెప్పాడట. "నొప్పి లేదు, ఏం లేదు. నర్సమ్మ చెయ్యి పెట్టకపోతే నాకెట్ల ఎర్కైతుండె?" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అప్పటి నుంచి మూడు నెలలకోసారి నర్సమ్మ వచ్చిందంటే చాలు, ముసలివాళ్లను ఇళ్లలోంచి వరండాకు తోలుకుపోవడం ఆమె పనే అయింది.

అయితే మా ఊరివాళ్లు ఆ షుగర్ పరీక్షను నిజంగానే బడి పరీక్ష అనుకున్నారు. అందులో పాస్ కావాలి, పక్కింటాయన ముందు పరువు నిలబెట్టుకోవాలి. తేదీ తెలియగానే రెండు రోజులు అన్నం బంద్, కల్లు బంద్. జొన్నరొట్టె, కాకరకాయ రసం. సూది పొడిపించుకుని, అంకె బాగుందనిపించుకుని, నేరుగా ఇంటికొచ్చి గిన్నెడు పాయసం తాగేవాళ్లు. ఈ విద్యలో అందరికంటే ఆరితేరినవాడు మా బాపు.

"నేను పాసైన అక్కా" అని చీటీ చూపించేవాడు.

"పాసైతె నర్సమ్మ నీకేమన్న నౌకరిస్తదారా తమ్మీ?" అనేది అత్త.

అప్పటికే బాపు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. పొద్దుగూకేసరికి పాదాలు వాస్తున్నాయి. మేం అడిగితే చెప్పుల మీద నెపం పెట్టేవాడు. అత్త మాత్రం ఆ పాదాల వంక చూసి ఊరుకుంది. ఆమె ఊరుకుందంటే మేమంతా భయపడాల్సిందే.

తర్వాతిసారి బాపును తప్ప మిగతా అందరినీ పిలిచింది. బాపుకు మాత్రం, "నర్సమ్మ వచ్చే వారం వస్తదట" అని చెప్పింది. పరీక్షల రోజు పొద్దున్నే తన ఇంటికి పిలిచి, నిన్నటి పోలెలు, అదే బొబ్బట్లు, ఉన్నాయని చాయ్‌తో పెట్టింది. బాపు రెండో పోలె కొరుకుతుండగా నర్సమ్మ గడప దాటి లోపలికొచ్చింది. బాపు ముఖం చూడాల్సింది! నోట్లో పోలె, ఎదురుగా సూది.

"దగా చేసినవ్ గదనే అక్కా!"

"చేసిన. చెయ్యి చాపు."

అంకె చూసి నర్సమ్మ, తిన్నాక చూసినది లెక్కకు రాదని, అయినా ఇంత ఉండకూడదని చెప్పి మంచిర్యాల పంపింది. అక్కడ మూడు నెలల షుగర్ ఒక్కసారే చెప్పే పరీక్ష చేశారు. దాని ముందు కాకరకాయ రసం ఆటలు సాగలేదు. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందనీ, ఇంకో ఏడాది ఇలాగే ఉంటే మనిషి దక్కేవాడు కాదనీ డాక్టర్ నాతో విడిగా అన్నాడు.

బాపు నెల రోజులు అక్కతో మాట్లాడలేదు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి, షుగర్ గోలీ అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఆయన కోపంగా మింగేవాడు. ఒకరోజు ఆమెకు జ్వరమొచ్చి రాలేదు. బాపు చాలాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. చివరికి గోలీ, చెంబెడు నీళ్లు పట్టుకుని రెండిళ్లు నడిచి వెళ్లి ఆమె మంచం ముందు నిలబడ్డాడు.

"చూడు. మింగిన" అన్నాడు.

"నోరు తెరువు, చూస్త" అంది అత్త జ్వరంలోనే.

ఆ మాటతో ఇద్దరూ కలిసిపోయారు. ఇదంతా జరిగి ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లూ మా బాపు నాకు మిగిలాడంటే అది ఆమె చలవే. నేనీ మాట ఆమె ముందు ఒక్కసారీ అనలేదు, ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

మా వైపు ఇంటి ఆడబిడ్డ పోతే పుట్టింటి చీర కప్పి సాగనంపుతారు. నేను ఊరు చేరేసరికి బాపు ఇంట్లో లేడు. కుర్రవాళ్లు తెస్తామన్నా వినకుండా, "మా అక్కకు నేనే తెస్త" అని ఆటోలో మంచిర్యాల వెళ్లాడట. దుకాణంలో ముదురు రంగులన్నీ వద్దని, ఎర్రంచు ఉన్న చిలకపచ్చ చీర తెచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మడతలు విప్పి భుజాల నుంచి పాదాల దాకా కప్పాడు. ఒకచోట ముడత పడితే అరచేత్తో రెండుసార్లు దువ్వాడు.

"ఎలితి చేసి పోతున్నవ్ గదనే అక్కా" అని, పాదాల దగ్గర పైకి లేస్తున్న అంచును లాగి సరిచేస్తూ అక్కడే కూర్చున్నాడు.